ఊళ్ళో చెత్త తగ్గించాలంటే విందుల దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. నలుగురు కుర్రాళ్ళు కలిసి ఊళ్ళో చెత్త తగ్గించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంటి చెత్తకీ ఈ వాతావరణ మార్పుకీ నిజంగా సంబంధం ఉందా? మాది కోనసీమలో అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొన్నేళ్ళుగా ఈ పనిలో ఉన్నాం కాబట్టి మాకు కలిసొచ్చిన దారి చెబుతాను.

కాలువ గట్టు శుభ్రం చేయడంతో మాత్రం మొదలుపెట్టకండి. వారం తిరక్కుండా గట్టు మళ్ళీ మామూలే అవుతుంది, కుర్రాళ్ళ ఉత్సాహం కూడా అక్కడితో చల్లారిపోతుంది. చెత్త ఎక్కడ పుడుతోందో అక్కడ పట్టుకోవాలి. మా ఊళ్ళో అది విందు. పెళ్ళి, ఓణీల ఫంక్షన్, పెద్దకర్మ, వినాయక చవితి అన్నసమారాధన, ఏదైనా సరే, ఒక్క పూటలో పేపరు ప్లేట్లు, గ్లాసులు, చిన్న నీళ్ళ సీసాలు ట్రాక్టరు తొట్టెడు తేలతాయి. పేపరు ప్లేటే కదా అంటారు. దాని మీద మెరిసే పొర ప్లాస్టిక్కే, టీ పోసే పేపరు గ్లాసు లోపలి పూతా అదే. అన్నం మెతుకులు అంటుకుని ఉంటాయి కాబట్టి పశువులు ఆ పొరతో సహా తినేస్తాయి. ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. ఈ పూత ప్లేట్లు మాత్రం ఏ విందులో చూసినా కనబడుతూనే ఉన్నాయి.

మేం చేసింది పాత పద్ధతే. వెనకటికి రామాలయంలో ఊరుమ్మడి గుండిగలు, గరిటెలు ఉండేవి, ఎవరింట్లో కార్యమైనా పట్టుకెళ్ళి వాడుకుని తోమి తెచ్చిచ్చేవారు. అలాగే స్టీలు పళ్ళేలు, గ్లాసులు కొని ఒకచోట పెట్టాం. తెలంగాణలో సిద్దిపేట వైపు "స్టీలు బ్యాంకు" అనే పేరుతో నడిపింది ఈ పద్ధతినే. డబ్బు గురించి మీరు భయపడేంత కష్టం కాలేదు. తండ్రి పేరు మీద, తాత పేరు మీద పళ్ళేలు ఇస్తామని చాలామంది ముందుకొచ్చారు. గిన్నెల కొట్లో పేరు కొట్టించి ఇచ్చారు. పేరు ఉన్న పళ్ళెం పోకుండా తిరిగొస్తుంది, ఇదీ ఒక లాభం.

అసలు చిక్కు కొనడంలో లేదు, కడగడంలో ఉంది. కేటరింగ్ ఆయన మొదట అడిగిన మాట, "కడిగేదెవరండీ?" అదే సరైన ప్రశ్న. ఊరి మీద ప్రేమతో ఎవరో ఒకరు కడుగుతారులే అనుకుంటే పథకం రెండో పెళ్ళికే ఆగిపోతుంది. మా ఊళ్ళో ద్వాక్రా సంఘం ఆడవాళ్ళు ఆ పని తీసుకున్నారు. పళ్ళేనికి ఇంత అని అద్దె, అందులో కడిగినందుకు కూలి కలిసే ఉంటుంది. పళ్ళెం పోతే దాని ఖరీదు కట్టాలి. ఎంగిలి ముందు డబ్బాలోకి దులిపి, ఒక తొట్టిలో నానబెట్టి, రెండో తొట్టిలో తోమి, మూడోదాంట్లో జాడించి, వేడినీళ్ళలో ముంచి తీస్తారు. బోర్లించి ఆరబెట్టాకే మూట కడతారు. ఈ శుభ్రం కళ్ళారా చూశాకే పెళ్ళివారికి నమ్మకం కుదిరింది.

అరిటాకు సంగతి కూడా చెప్పాలి. పక్కనే రావులపాలెం అరటి మార్కెట్ పెట్టుకుని మనం అరిటాకు బొమ్మ అచ్చేసిన పేపరు మీద తినడం నాకు మనసుకి కష్టంగా ఉంటుంది. అలాగని రైతుని తప్పుపట్టలేం. గెల వేసే చెట్టు ఆకు కోస్తే గెల బరువు తగ్గుతుంది. ఆకు కోసమే కొన్ని చెట్లు వదిలే రైతుతో ముందుగా మాట్లాడుకోవాలి. దొరక్కపోతే ఏజెన్సీ కొండల నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్ళు తెప్పించండి, అక్కడి గిరిజనులకి నాలుగు డబ్బులు వస్తాయి. భోజనాలయ్యాక అరిటాకులు గేదెలకు వేయొచ్చు, ఏ ఆకైనా కొబ్బరి చెట్టు పాదులో పడేస్తే కుళ్ళి ఎరువవుతుంది.

ఇంట్లో తడి చెత్తకి గొయ్యి తవ్వమని అందరూ చెబుతారు. మన డెల్టాలో అది వానాకాలం పనికిరాదు. రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది, చెత్త నానిపోయి కంపు కొడుతుంది. నేల మీదే బావికి వాడే సిమెంటు వర నిలబెట్టి, అడుగున కొబ్బరి డొక్కలు పరిచి, తడి చెత్త వేసిన ప్రతిసారీ గుప్పెడు కొబ్బరి పొట్టో ఎండుటాకులో పైన చల్లాలి. పొట్టు తడి పీల్చేస్తుంది, వాసన రాదు, ఈగలు వాలవు. తడి విడిగా పోతే మిగిలిన కవర్లు, సీసాలు పొడిగా ఉంటాయి, పాత సామాన్ల వాళ్ళూ తీసుకుంటారు.

ఇక మీ రెండో ప్రశ్న. తడి చెత్త గుట్టలో గాలాడకుండా కుళ్ళితే మీథేన్ వస్తుంది. నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. కాబట్టి సంబంధం ఉంది. కానీ మన దేశంలో మీథేన్ ఎక్కువగా వచ్చేది పశువుల నుంచి, వరి చేల నుంచి. ఇంటి చెత్తతోనే వాతావరణం కుదుటపడుతుందని ఎవరికీ చెప్పకండి, నమ్మరు. మా ఊళ్ళో రైతులకి తలకెక్కింది ముంపు మాట. భూమి వేడెక్కే కొద్దీ కుండపోత వానలు పెరుగుతాయి. అప్పుడు చేలో నీరు దిగాల్సింది మురుగు కాల్వలోకే. అక్కడ గుర్రపు డెక్కకి కవర్లూ ప్లేట్లూ చిక్కుకుని తూము దగ్గర అడ్డం పడితే వరి నీళ్ళలోనే కుళ్ళుతుంది. ఆడవాళ్ళకి ఎక్కిన మాట మంచినీటి చెరువు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపేది ఈ చెత్త పడే పంట కాలువ నీళ్ళతోనే కదా. పిల్లలు తాగే నీళ్ళ సంగతి అనేసరికి ఇంక వాదన లేదు.

పంచాయతీని కూడా కలుపుకోండి. లైసెన్సు ఉన్న హాల్లో కాకుండా వేరే చోట వంద మందికి మించిన కార్యం చేస్తే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకి చెప్పి చెత్త వేరు చేసి ఇవ్వాలని ఘన వ్యర్థాల నిబంధనల్లోనే ఉంది. ఎవరైనా ఫంక్షన్ సంగతి చెప్పడానికి వచ్చినప్పుడే పంచాయతీ వాళ్ళు పళ్ళేల మాట ఎత్తితే మీరు ఇంటింటికీ తిరిగే పని తప్పుతుంది.

మొదటి వాడకం పెళ్ళిలో పెట్టకండి, వాళ్ళ టెన్షన్ వాళ్ళకుంటుంది. కార్తీక వనభోజనాలకి పెట్టండి, అందరూ మనవాళ్ళే ఉంటారు. ఎన్ని పళ్ళేలు కొనాలంటే, ఒక బంతికి ఎంతమంది కూర్చుంటారో చూసి దానికి రెండింతలు కొనండి. ఒక బంతి తింటూ ఉండగా ముందు బంతివి కడగడం అయిపోతుంది.