టెక్ సందేహాలు: గొంతు బావిలోంచి వస్తోంది, ఇయర్‌బడ్స్ పాడయ్యాయా?

ప్రశ్న: కాక్టో ట్విన్స్ బ్యాండ్ హిట్స్ ఆల్బమ్ 'స్టార్స్ అండ్ టాప్‌సాయిల్'ను కొత్త వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌లో వింటున్నాను. గాయని గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది. ఒక్క మాటా అర్థం కావట్లేదు. యాప్ చూపే లిరిక్స్ కూడా పొంతన లేకుండా ఉన్నాయి. బడ్స్ మార్చాలా?

జవాబు: మార్చకండి. ముందు పి.సుశీల పాట ఏదైనా పెట్టండి. ప్రతి మాటా స్పష్టంగా వినిపిస్తే బడ్స్ బాగున్నట్టే. స్కాట్లాండ్‌లోని గ్రేంజ్‌మౌత్‌లో పుట్టిన ఈ బ్యాండ్ పాటల తీరే అంత! గిటారిస్ట్ రాబిన్ గుత్రీ తన గిటార్‌కు కోరస్ (ఒకే స్వరం పలువురు వాయించినట్టు), డిలే (కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించేలా), రివర్బ్ (పెద్ద హాల్లో మారుమోగినట్టు) ఎఫెక్టులు దట్టించి పొరలు పొరలుగా పేరుస్తాడు. గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ గొంతు ఆ పొరల్లో కలిసిపోతుంది. పైగా చాలా పాటల్లో ఆమె పదాలను ఎంచుకున్నది అర్థం చూసి కాదు, పలికితే వచ్చే శబ్దం చూసి. అందుకే నెట్‌లో దొరికే లిరిక్స్‌లో చాలావరకు అభిమానులు విని, ఊహించి రాసుకున్నవే. వాటిని సరిచేసే సెట్టింగ్ ఏ యాప్‌లోనూ లేదు.

2000లో వచ్చిన ఈ ఆల్బమ్‌లో 1982 నుంచి 1990 దాకా చేసిన 18 పాటలున్నాయి. కొత్తగా వినేవాళ్లు చివర్లో ఉన్న 'హెవెన్ ఆర్ లాస్ వెగాస్'తో మొదలుపెడితే మేలు. అప్పటికి ఫ్రేజర్ మాటలు కాస్త తెలిసేలా పాడింది.

ఇక మీ చేతిలో ఉన్నవి: బడ్స్ యాప్‌లో స్పేషియల్ ఆడియో (శబ్దం చుట్టూ నుంచి వస్తున్నట్టు చేసేది), బేస్ బూస్ట్ ఆపేయండి. ఉన్న రివర్బ్ చాలు, మళ్లీ ఇంకోటెందుకు? స్ట్రీమింగ్ క్వాలిటీ 'ఆటో'లో ఉంటే పెంచండి. నెట్ నెమ్మదించి బిట్‌రేట్ (సెకనుకు వచ్చే ఆడియో డేటా) పడిపోతే ముందు దెబ్బతినేది ఇలాంటి సన్నని గిటార్ మెరుపులే. ఫోన్, బడ్స్ రెండింటికీ ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో ఎక్కువ డేటాతో పాట పంపే పద్ధతి) ఉంటే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో ఆన్ చేయండి. అది 990 కేబీపీఎస్ దాకా వెళ్తుంది. బస్సులో కనెక్షన్ తెగుతుంటే మాత్రం తక్కువ డేటాతో పనిచేసే ఏఏసీ పద్ధతి చాలు, పెద్ద తేడా ఏమీ పట్టుకోలేం.

ప్రశ్న: ఈ బ్యాండ్‌దే ఒకే పాట పాత ఆల్బమ్‌లో ఒక వాల్యూమ్‌లో, హిట్స్ ఆల్బమ్‌లో ఇంకో వాల్యూమ్‌లో వస్తోంది. ఎందుకు?

జవాబు: రెండింటి మాస్టరింగ్ (విడుదలకు ముందు పాట శబ్దానికి చేసే తుది సవరణ) వేరైతే లెవల్ కూడా మారుతుంది. ఎక్కువ సౌండ్ వచ్చేదే మంచిదనిపించడం చెవికి అలవాటు, నమ్మకండి. పోల్చి చూడాలంటే ప్లేయర్‌లో పాటల వాల్యూమ్‌ను సమం చేసే రీప్లేగెయిన్‌ను 'ట్రాక్'కు పెట్టండి. ఆల్బమ్ మొత్తం వరుసగా వినేటప్పుడు 'ఆల్బమ్'కు మార్చుకోండి.