మీరడిగారు: హవానాలో గ్లాసెడు పాలు

ప్రశ్న: 1992లో క్యూబాకు గోధుమలు పంపడానికి మా నాన్న ఊరూరా తిరిగి చందాలు పోగుచేశారు. క్యూబా నేత ఫిడెల్ కాస్ట్రో పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు. అక్కడి మామూలు జనం నిజంగా అంత బాధపడ్డారా, పీడ వదిలిందనుకున్నారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. సోవియట్ యూనియన్ కూలిపోయి క్యూబాకు తిండి కటకటలాడిన రోజుల్లో సీపీఎం పంపిన 10,000 టన్నుల గోధుమలవి.

మీరన్న రెండూ నేను ఒకే ఇంట్లో చూశాను. అయితే కాస్ట్రో పోయిన 2016లో కాదు, 2007 జూలైలో. హవానాలో ఒక రిటైరైన టీచరు ఇంట్లో మూడు వారాలు గది అద్దెకు తీసుకుని ఉన్నాను. అప్పటికి ఏడాదిగా కాస్ట్రో మంచంలో ఉన్నాడు. పేగులకు ఆపరేషన్ అయిందని, తాత్కాలికంగా తమ్ముడు రౌల్‌కు బాధ్యతలు అప్పగిస్తున్నానని ఆయన రాసిన ప్రకటనను 2006 జూలై 31 రాత్రి టీవీలో చదివారు. 1959 నుంచి ఆయన తప్ప ఇంకొకరిని ఎరగని జనం. ఆ టీచరమ్మ ఆయన పేరు పలికేది కాదు. గడ్డం నిమురుకుంటున్నట్టు చెయ్యి కిందికి లాగేది, అంతే. అక్కడ ఆ సైగ అందరికీ తెలుసు.

వంటింటి గోడకు ఒక కిరసనాయిలు లాంతరు వేలాడేది. 1961లో పద్నాలుగేళ్ళ పిల్లగా పల్లెకు చదువు చెప్పడానికి వెళ్ళినప్పుడు ఇచ్చిన లాంతరు. ఆవిడలాంటి లక్షమంది పిల్లలు, వాళ్ళతోపాటు ఇంకెందరో పెద్దవాళ్ళు కలిసి ఆ ఒక్క ఏడాదిలో 7 లక్షల మందికి అక్షరాలు నేర్పారు. చిమ్నీ పగిలిన చోట పట్టిన మసిని రోజూ పాతగుడ్డతో తుడుస్తూ, ఇది ఆయన చలవే అన్నట్టు మళ్ళీ గడ్డం సైగ చేసేది.

కొడుకు ఇంజనీరు. ప్రభుత్వ జీతం నెలకు 400 పెసోల దగ్గర, టూరిస్టులు వాడే వేరే రకం పెసో ఒక్కటి 24 మామూలు పెసోలకు సమానం. అందుకని ఒక హోటల్లో సామాన్లు మోసేవాడు. నాలుగు రోజుల టిప్పులు నెల జీతంతో సమానం. క్యూబా పౌరుడు గనక అదే హోటల్లో ఒక్క రాత్రి గది తీసుకునే వీల్లేదు. పెళ్ళిరోజున భార్యను తీసుకెళితే లోపలికి రానివ్వలేదని చెబుతుంటే గొంతు వణికింది. ఆ కోపం న్యాయమైనదనే నేనంటాను. తల్లి కృతజ్ఞతా న్యాయమైనదే.

మనవరాలికి ఏడో ఏడు నిండబోతోంది. నిండితే రేషన్ పాలు ఆగిపోతాయి. జూలై 26న రౌల్ కామగ్వే సభలో, కావాలనుకున్న ప్రతి ఒక్కరూ గ్లాసెడు పాలు తాగగలిగేలా ఉత్పత్తి పెంచాలన్నాడు. టీవీ చూస్తున్న ఆవిడ చటుక్కున లేచి నిలబడింది. సోషలిజం ఏమవుతుందని నేను అడగబోతుంటే, పాలు ఎప్పటి నుంచి ఇస్తారని ఆవిడ నన్నడిగింది.

ఆ తర్వాత 2008లో హోటళ్ళు, సెల్‌ఫోన్లు జనానికి అందుబాటులోకి వచ్చాయి. 2011లో ఇళ్ళు అమ్ముకోనిచ్చారు. 2013లో దేశం దాటడానికి పర్మిట్ తీసేశారు. మరుసటి ఏడాదే కొడుకు అమెరికాలోని మయామీ చేరాడు. కాస్ట్రో చితాభస్మం హవానా నుంచి శాంటియాగోకు బయలుదేరిన ఉదయం ఆవిడ లాంతరు పట్టుకుని రోడ్డు పక్కన నిలబడిందట. తనకు ఏడుపు రాలేదని, ఫొటోలో అమ్మను చూశాక మాత్రం ఆగలేదని కొడుకు ఫోన్లో చెప్పాడు.

రేషన్ పుస్తకం ఇంకా ఉంది. కానీ 2024లో ఏడేళ్ళలోపు పిల్లల పాలపొడి కోసం క్యూబా ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమాన్ని సాయం అడగాల్సి వచ్చింది. ఆ వార్త చదివిన రోజంతా ఆ పాపే కళ్ళముందు మెదిలింది. మీ నాన్నగారు మళ్ళీ చందాలకు బయలుదేరితే నా పేరు ముందు రాసుకోమనండి.