నాన్నను నడిపించే ముందు

అమ్మలూ,

నాన్న చేత నువ్వే దగ్గరుండి వ్యాయామం చేయిస్తానన్నావని విని కడుపు నిండిపోయింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు డాక్టరుకు చూపించు. జారని చెప్పులు, దారిలో వెలుతురు చూసుకో. ఒక పక్క చేయో కాలో హఠాత్తుగా పట్టు తప్పితే ముసలితనం అనుకోకు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళు.

కండ కరిగిందంటాం గానీ, అందులో నరాల పాత్ర చాలా ఉందమ్మా. కండరాలను కదిలించే వెన్నుపాము నరకణాలు 60 దాటాక తగ్గిపోతుంటాయి. ఒకటి పోతే దాని కండపోగుల్లో కొన్నిటిని పక్క కణం చేరదీస్తుంది, మిగతావి ఎండిపోతాయి. చురుకైన పోగులకే దెబ్బ ఎక్కువ. అందుకే తూలినప్పుడు రెండో కాలు సమయానికి ముందుకు పడదు.

మీ మామయ్య విషయంలో నాకిది తెలియలేదు. ఆయన నడుస్తుంటే వెనకనుంచి "మందు వేసుకున్నారా?" అని కేకేశాను. ఆగి, నావైపు తిరగబోయారు. చేయి గోడ కోసం వెతికింది. గోడ జానెడు దూరంలోనే ఉంది, అయినా చేయి చేరేలోపే పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. అప్పటికి కొన్ని నెలలుగా పలకరిస్తే చాలు, నడక ఆపేసేవారు. నా మాట వినడానికే ఆగుతున్నారని మురిసిపోయేదాన్ని. నడకకే మనసంతా పెట్టాల్సి వస్తోందని, మాటకు చోటు లేదని గ్రహించలేదు. మాట్లాడిస్తే నడక ఆపేసే వృద్ధులే ఎక్కువగా పడుతున్నారని స్వీడన్ పరిశోధకులు 1997లోనే రాశారట. తర్వాత భయంతో ఆయన్ని కుర్చీలోంచి లేవనివ్వలేదు, మంచినీళ్ళూ చేతికే అందించాను. ఉన్న బలమూ పోయింది. నువ్వలా చేశావో, ఊరుకోను!

కుర్చీలోంచి గబుక్కున లేవమను, నెమ్మదిగా కూర్చోమను. పక్కనే నిలబడు, చేయి మాత్రం పట్టకు. మొదటి వారాల్లో కండ పెరగకపోయినా బలం వస్తుంది, ముందు నేర్చుకునేవి నరాలే. 1990లో అమెరికాలో 90 ఏళ్ళవాళ్ళ చేత 8 వారాలు బరువులెత్తిస్తే కాళ్ళ బలం సగటున రెట్టింపు దాటింది. మా తమ్ముడికింకా 72 కదా తల్లీ.

పిలవాలంటే ఎదురుగా వచ్చి, వాడు నిలబడ్డాక పిలు. మొదటిరోజు ఎన్నిసార్లు లేచాడో రాత్రికి ఫోన్ చేసి చెప్పు, మేలుకునే ఉంటాను.

మీ అత్త