బండి తండ్రిది, కస్టడీ తల్లిది: కేసు ఎవరి మీదకొస్తుంది?

ప్రశ్న: నాలుగేళ్ల కిందట విడాకులయ్యాయి. బాబు కస్టడీ నాకిచ్చారు. ఆదివారాలు వాళ్ల నాన్న దగ్గరికి వెళ్తాడు. ఇప్పుడు 16 నిండాయి, కాలేజీ ఎగ్గొడుతున్నాడు, మాట వినడు. మొన్న ఆదివారం తండ్రి పేరు మీదున్న 150 సీసీ బండితో ఒక పెద్దాయన్ని గుద్దాడు. ఆయన కాలు విరిగింది. ‘కస్టడీ నీది, కేసూ నీదే’ అంటున్నాడు తండ్రి. ‘వాడికీ నాకూ సంబంధం లేదు’ అని పేపర్లో వేయించమంటున్నారు చుట్టాలు. ఏం చేయాలి?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: ముందు ఆ ప్రకటన సంగతి. మైనర్ బిడ్డ విషయంలో దానికి చట్టంలో విలువ లేదు. పోషణ బాధ్యత తప్పదు, పైగా రేపు కస్టడీ గొడవలో అదే కాగితం మీకు ఎదురు తిరుగుతుంది.

2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఏ సెక్షన్ ప్రకారం, మైనర్ బండి నడిపి నేరం చేస్తే గార్డియన్ గానీ ఓనర్ గానీ దోషి. మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలు బండి రిజిస్ట్రేషన్ రద్దు. బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. 16 ఏళ్లకు లైసెన్సు దొరికేది 50 సీసీ లోపు గేర్లు లేని బండికే, కాబట్టి లెర్నర్ లైసెన్సు ఉందన్న సాకూ ఇక్కడ చెల్లదు. మీకు తెలియకుండా జరిగిందని, లేదా జరగకుండా మీ వంతు జాగ్రత్త పడ్డారని రుజువైతే మీరు బయటపడతారు. ఆర్సీ ఆయన పేరు మీద, తాళం ఆయన ఇంట్లో, రోజు ఆయనది. అయినా గార్డియన్‌గా మీ పేరూ రాయొచ్చు. అందుకే ‘బండి ఇవ్వొద్దు’ అని ఆయనకు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు, కాలేజీ నుంచి వచ్చిన ఉత్తరాలు, కౌన్సెలర్ చీటీలు దాచండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, ఆ ఫోన్ మార్చొద్దు, చాట్ చెరపొద్దు.

బాబు సంగతికొస్తే, నిర్లక్ష్యంగా నడిపి కాలు విరగ్గొట్టిన నేరానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లే కాబట్టి వాడి మీద ఎఫ్‌ఐఆర్ ఉండదు. స్టేషన్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డు (మైనర్ల కేసులు విచారించే బోర్డు) ముందుంచాలి. పట్టుకుంటే 24 గంటల్లోపు హాజరుపరచాలి. లాకప్‌లో పెట్టకూడదు. వయసుకు ఆధార్ కాదు, పదో తరగతి మెమో పట్టుకెళ్లండి. విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, పొడిగిస్తే మరో రెండు. బోర్డు కౌన్సెలింగ్, సమాజ సేవ వేయొచ్చు, జరిమానా తల్లిదండ్రుల చేత కట్టించొచ్చు. పిల్లాడి ఇంటి పరిస్థితులు తెలుసుకోవడానికి ప్రొబేషన్ ఆఫీసర్ వచ్చినప్పుడు చాలామంది తల్లులు ‘మావాడు బంగారం’ అంటారు. ఎగ్గొట్టిన కాలేజీ రోజులు, స్నేహాలు ఉన్నదున్నట్టు చెప్పండి. కౌన్సెలింగ్ దొరికే దారి అదే.

నష్టపరిహారం వేరే లెక్క. గాయపడ్డాయన ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా మోటారు ప్రమాదాల పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. పాలసీ ఉంటే, లైసెన్సు లేని కేసుల్లో సాధారణంగా బీమా కంపెనీ ముందు ఆయనకు కట్టి, తర్వాత ఓనర్ దగ్గర, అంటే తండ్రి దగ్గర, వసూలు చేసుకుంటుంది. పాలసీ లేకపోతే నేరుగా ఓనర్ మీదే పడుతుంది. పెద్దమనుషుల ముందు చేతికి నగదు ఇచ్చి తెల్లకాగితం రాయించుకోకండి. ఆస్పత్రి బిల్లు కట్టాలనుంటే ఆస్పత్రికే బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి.

ఇక కస్టడీ. విడాకులిచ్చిన ఫ్యామిలీ కోర్టులోనే హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద పిటిషన్ వేసి, ఆదివారం కలయికలకు షరతులు అడగండి: తాళాలు ఇవ్వకూడదు, కలవడం మరొకరి సమక్షంలో. ఈ వయసులో జడ్జి పిల్లాడిని లోపలికి పిలిచి ఇష్టం అడుగుతారు. ‘నాన్న దగ్గరే ఉంటా’ అన్నా అదే తుది మాట కాదు, వాడి క్షేమమే కొలమానం. 18 నిండితే ఈ ఉత్తర్వులకు పని ఉండదు, కాబట్టి పిటిషన్‌తోపాటే మధ్యంతర ఉత్తర్వు కూడా అడగండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.