కర్జన్ నిజంగా అంత చెడ్డవాడా?

"లార్డ్ కర్జన్ నిజంగా అంత చెడ్డవాడా, మన పుస్తకాలే అలా రాశాయా?" అని అడిగారు. నన్నడిగితే, పుట్టుక గర్వం నెత్తికెక్కినవాడు. మా అమ్మాయి డెర్బీలో ఉంటుంది కాబట్టి, దగ్గర్లోనే ఉన్న ఆయన సొంత మేడ కెడిల్‌స్టన్ హాల్ చూసొచ్చాను. కర్జన్ పుట్టకముందే ఆ మేడ నమూనాలో కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనం కట్టారు. 1899లో వైస్రాయ్‌గా దిగిన మనిషికి పుట్టింటికి వచ్చినట్టే ఉండి ఉంటుంది!

మేడలో, తూర్పు దేశాల్లో ఆయన పోగేసిన సామానుతో ఒక మ్యూజియం ఉంది. 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య మేరీ వేసుకున్న గౌను అక్కడే చూశాను. దూరం నుంచి నెమలి ఈకలే అనుకుంటాం. దగ్గరికెళ్తే ఒక్క ఈకా లేదు, అంతా జరీ. ప్రతి కన్ను మధ్యలో పచ్చగా మెరిసేది పురుగు రెక్క. బరువు నాలుగు కిలోల పైమాటే. జరీ పని మనవాళ్లది, గౌను కుట్టింది పారిస్‌లో. దానికి మూడేళ్ల ముందే దేశంలో జనం కరువుకు పిట్టల్లా రాలిపోయారు.

పోటీ పరీక్షల గైడ్లలో కర్జన్ అంటే 1905 బెంగాల్ విభజన, ఒక మార్కు, అంతే. మరి నిజాం రాజ్యంలోని బేరార్ (ఇప్పటి మహారాష్ట్ర విదర్భలోని ప్రాంతం) మాటేమిటి? 1902లో హైదరాబాద్ వచ్చి నిజాం మహబూబ్ అలీ ఖాన్ మెడలు వంచి, పత్తి పండే ఆ నల్లరేగడి నేలను ఏడాదికి 25 లక్షలకు శాశ్వత కౌలుకు రాయించుకున్నాడు. మన తెలుగువాళ్లే దాన్ని మర్చిపోతే ఎలా? తాజ్‌మహల్ బాగుచేయించాడు, 1904లో పురాతన కట్టడాల చట్టం తెచ్చాడు, కాదనను. రాళ్ల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదు.

1923 మే నెలలో బ్రిటన్ ప్రధాని బోనర్ లా జబ్బుపడి తప్పుకున్నాడు. అప్పటికి విదేశాంగ మంత్రిగా ఉండి, ఫోన్ కూడా లేని సోమర్సెట్ బంగళాలో ఉన్న కర్జన్‌కు లండన్ రమ్మని టెలిగ్రాం వచ్చింది. పదవి ఖాయమనుకుని రైలెక్కాడు. తీరా రాజుగారి కార్యదర్శి వచ్చి, కొత్త ప్రధానిగా మరో మంత్రి బాల్డ్విన్ పేరు చెప్పాడు. ప్రధాని జనం ఎన్నుకునే కామన్స్ సభలోనే ఉండాలన్నది ముఖ్య కారణం, కర్జన్ ఉన్నదేమో ప్రభువుల సభలో. ఏ ప్రభువుల హోదా చూసుకుని విర్రవీగాడో అదే అడ్డుపడింది. ఏడ్చేశాడట. నాకు మాత్రం జాలి కలగలేదు. అంత అవమానం జరిగినా విదేశాంగ మంత్రి కుర్చీ వదల్లేదు, అదే బాల్డ్విన్ కింద 1924 జనవరి దాకా పనిచేశాడు.