కొత్త లాన్ మోవర్ కొన్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. పెట్రోలుతో నడిచే లాన్ మోవర్ కొన్నానని, దాన్ని ఇంట్లోనే ఎలా చూసుకోవాలో చెప్పమని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఇలాంటి యంత్రాన్ని వెనక నుంచి తోసుకుంటూ గడ్డి కోయడం, దాన్ని విప్పి బిగించుకోవడం నాకు ఇరవై ఏళ్లకు పైగా అలవాటైన పని కాబట్టి, నా చేతులతో చేసి చూసినవే రాస్తున్నాను. ముందుగా ఒక సంగతి గుర్తుంచుకో. ఈ యంత్రాలు పని చేసి అరిగిపోవడం తక్కువ, పని అయిపోయాక మనం వాటిని వదిలేసిన తీరు వల్ల పాడవడమే ఎక్కువ. బ్లేడును కప్పి ఉండే రేకు తొడుగైన డెక్కు కింద అంటుకుపోయిన తడి గడ్డి, ట్యాంకులో నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు, నల్లబడినా మార్చని ఆయిలు చేసే చేటు ముందు గడ్డి కోయడం వల్ల కలిగే అరుగుదల లెక్కలోకి రాదు.

ఏ పనికి కూర్చున్నా మొదట ఇంజన్ ఆపి చల్లారనివ్వు. తర్వాత స్పార్క్ ప్లగ్గు మీది టోపీ లాంటి వైరును లాగి, అది తిరిగి ప్లగ్గుకు తగలకుండా దూరంగా పెట్టు. ఇలాంటి మోవర్లలో చాలావాటికి బ్లేడు నేరుగా ఇంజన్ ఇరుసుకే బిగించి ఉంటుంది కాబట్టి, బ్లేడును చేత్తో తిప్పితే లోపల పిస్టను కూడా కదులుతుంది, వైరు తగిలించి ఉంటే ఇంజన్ ఒక్కసారి అంటుకునే ప్రమాదం ఉంది. అరనిమిషం కూడా పట్టని ఈ పనిని ఒక్కసారి కూడా మానవద్దు, ఇది నీ వేళ్లకు సంబంధించిన విషయం.

యంత్రాన్ని పక్కకు వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టరు, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటరు ఉన్న వైపు ఎప్పుడూ ఆకాశం వైపే ఉండాలి. కొత్తలో నేనది తెలియక, చేతికి ఏ వైపు వీలుగా ఉంటే ఆ వైపు పడుకోబెట్టి డెక్కు శుభ్రం చేశాను. మర్నాడు తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజన్ పలకలేదు, చివరికి పలికినప్పుడు తెల్లని పొగ మేఘంలా కమ్ముకుంది. ఫిల్టరు మూత తీసి చూస్తే, లోపలి కాగితపు మడతలన్నీ ఆయిలు పీల్చుకుని అట్టలా బరువెక్కి ఉన్నాయి. ఆ ఫిల్టరు ఇక పనికిరాలేదు. వంచే ముందు పెట్రోలు తక్కువగా ఉండేలా చూసుకుంటే మూత దగ్గర నుంచి కారడం కూడా ఉండదు.

డెక్కు అడుగున పేరుకున్న గడ్డిని ప్రతి కోత తర్వాతా, అది ఇంకా పచ్చిగా ఉండగానే, చెక్క బద్దతో గానీ ప్లాస్టిక్ బద్దతో గానీ గీకివెయ్యి. ఎండిందంటే అది రాయిలా గట్టిపడుతుంది, దాని కింద తడి నిలిచి రేకు తుప్పు పడుతుంది. పైగా బ్లేడు లేపే గాలికి దారి మూసుకుపోయి గడ్డి నిలబడదు, నిలబడని గడ్డి సమంగా తెగదు. ఇంజన్ పైన ఉండే చల్లదనపు రెక్కల మధ్య చేరిన గడ్డిపొట్టును మెత్తని బ్రష్షుతో దులుపు, వేడిగా ఉన్న ఇంజన్ మీద మాత్రం నీళ్లు చల్లవద్దు.

ఇక బ్లేడు. నా లెక్కలో ఈ యంత్రం మొత్తంలో ఎక్కువ శ్రద్ధ దక్కాల్సింది దీనికే, ఎక్కువమంది మరిచిపోయేదీ దీన్నే. పదును ఉందో లేదో గడ్డే చెబుతుంది. కోసిన మర్నాడో ఆ మర్నాడో వంగి, ఒక గడ్డిపరకను వేళ్ల మధ్య పట్టుకుని దాని కొన చూడు. నున్నగా, గీత గీసినట్టు తెగి ఉంటే బ్లేడు బాగున్నట్టు. కొన నలిగి, పీచులు పీచులుగా చీలి, తెల్లగానో గోధుమరంగుగానో మారి ఉంటే బ్లేడు గడ్డిని కోయడం లేదు, చీల్చుతోంది. ఆ చీలిన కొనల నుంచి తేమ ఎక్కువగా పోతుంది, తెగుళ్లు కూడా సులువుగా పడతాయి. సుమారు ఇరవై ఐదు గంటల పనికి ఒకసారి పదును పెట్టుకుంటే సరిపోతుంది, ఇసుక నేల అయితే ఇంకా ముందే కావాలి.

బ్లేడు విప్పే ముందు నేల వైపు ఉన్న ముఖం మీద రంగుతో ఒక గుర్తు పెట్టుకో, తలకిందులుగా బిగిస్తే అది అసలు కోయదు. బ్లేడు తిరగకుండా దానికీ డెక్కుకీ మధ్య ఒక కర్రముక్క అడ్డం పెట్టి, పానాతో బోల్టు విప్పు. మందపాటి తోలు చేతితొడుగులు వేసుకో. బ్లేడును వైస్‌లో బిగించి, ఉన్న వాలునే అనుసరిస్తూ ఆకురాయిని ఒకే దిశలో, లోపలి నుంచి అంచు వైపుకు నడిపించు. ఆ వాలు సాధారణంగా 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. గడ్డం గీసుకునే కత్తికి ఉన్నంత పదును అవసరం లేదు, అంత పలుచన చేస్తే మొదటి గులకరాయికే అంచు మడతపడుతుంది. వెన్న రాసే చాకు పదును చాలు. తర్వాత గోడకు కొట్టిన మేకుకు బ్లేడును నడిమి రంధ్రంతో తగిలించు. ఏ కొన కిందికి వాలితే ఆ కొన బరువు ఎక్కువ కాబట్టి అక్కడ మరికొంత అరగదీసి, రెండు కొనలూ సమంగా నిలిచేదాకా చూడు. ఈ సమతూకం లేకపోతే చేతులకు అదురు తగులుతుంది, ఇంజన్ బేరింగులూ దెబ్బతింటాయి. వంగిన బ్లేడును, చీలిక కనిపించిన బ్లేడును సరిచేయాలని చూడవద్దు, మార్చెయ్యి. బిగించేటప్పుడు బోల్టుకు ఎంత బిగువు ఉండాలో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, అంతే బిగించు.

బ్లేడు ఎప్పుడైనా రాయికో మొద్దుకో గట్టిగా తగిలి ఇంజన్ ఆగిపోతే, వెంటనే మళ్లీ తాడు లాగవద్దు. ఇంజన్‌తో పాటు తిరిగే బరువైన చక్రాన్ని, అంటే ఫ్లైవీలును, ఇరుసుకు కట్టిపడేసే చిన్న తాళపు ముక్క అలాంటి దెబ్బకు తెగడానికో నలగడానికో అవకాశం ఉంది. అది తెగితే ప్లగ్గు నిప్పు వేసే సమయం తప్పి, ఇంజన్ పలకదు, లేదా తాడు చేతిని వెనక్కి లాగుతుంది. ఇరుసు వంగితే అదురు ఆగదు. ఈ రెండూ తెలిసిన మెకానిక్కుకు చూపించాల్సిన పనులే, మనం ఇంట్లో చేసుకునేవి కావు.

ఆయిలును ప్రతి కోతకు ముందు సమతలం మీద నిలబెట్టి చూడు. ఆయిలు మట్టం చూపే కడ్డీని, అంటే డిప్‌స్టిక్కును, ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి తీసి చూస్తేనే సరైన మట్టం తెలుస్తుంది. చాలా కొత్త ఇంజన్లకు మొదటి 5 గంటల తర్వాత ఒకసారి ఆయిలు మార్చమంటారు, ఆ తర్వాత 50 గంటలకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందు వస్తే అప్పుడు మార్చాలి. ఇంజన్ కాస్త వెచ్చగా ఉండగా తీస్తే మడ్డి కూడా కలిసి బయటికి వస్తుంది. ఈ సైజు ఇంజన్లకు చాలావరకు అరలీటరు, కొంచెం అటూ ఇటూ పడుతుంది కాబట్టి కొద్దికొద్దిగా పోస్తూ చూసుకో. ఎక్కువ పోసినా చేటే.

కాగితపు ఎయిర్ ఫిల్టరును గట్టి నేల మీద మెల్లగా తట్టి దుమ్ము దులుపు, గాలి పంపుతో ఊదితే కాగితానికి కనిపించని చిల్లులు పడతాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నప్పుడు అవతలి వెలుగు తెలియకపోతే కొత్తది వెయ్యి. స్పాంజి రకమైతే సబ్బు నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాక, పుస్తకంలో చెప్పి ఉంటే కాస్త ఆయిలు పట్టించి గట్టిగా పిండు. ప్లగ్గు కొనల మధ్య సందు చాలా ఇంజన్లకు 0.76 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని సందులు కొలిచే సన్నని రేకుల పనిముట్టు అయిన ఫీలర్ గేజితో సరిచూసుకో.

హ్యాండిల్ మీది భద్రతా మీట వదలగానే బ్లేడు 3 సెకన్లలోపే ఆగిపోవాలి. ఆగకపోతే కేబులు సరిచేయించేదాకా యంత్రాన్ని వాడవద్దు. ఆ మీటను తాడుతో కట్టేసి నడిపేవాళ్లను చూశాను, ఆ తప్పు నువ్వు చేయకు.

చివరగా పెట్రోలు సంగతి. నెల రోజులు దాటిన పెట్రోలు పనికి సందేహమే, ఇథనాల్ కలిసినదైతే గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. పాతబడిన పెట్రోలు కార్బురేటరులోని సన్నని రంధ్రాల్లో జిగురులా గడ్డకడుతుంది. ఒక ఏడాది నేను ట్యాంకు నిండా పోసి అలాగే వదిలేస్తే, మళ్లీ తీసేసరికి కార్బురేటరు గిన్నె అడుగున తేనెరంగు పొర పట్టి ఉంది, దాన్ని వదిలించడానికి ఒక రోజంతా పట్టింది. అందుకే నెలకు సరిపడా మాత్రమే కొను. కోతలు ఆగిపోయే రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, మిగిలినదంతా అయిపోయి ఇంజన్ తనంతట తాను ఆగేదాకా ఆరుబయట నడిపించు, మూసి ఉన్న గదిలో మాత్రం నడపవద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. తర్వాత ఆయిలు మార్చి, డెక్కు గీకి, బ్లేడు పదును పెట్టి, పొడిగా ఉన్న చోట పెట్టు.

ఈ ఆదివారం ఒకసారి ప్లగ్గు విప్పి చూడు. కొన లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ సరిగ్గా మండుతోందన్నమాట. పొడి మసి పట్టి నల్లగా ఉంటే ముందు ఫిల్టరు చూడు, జిడ్డుగా తడిసి ఉంటే ఆయిలు మట్టం చూడు. ఏ రంగు కనిపించిందో నాకు వెంటనే రాయి, మిగతాది దాన్ని బట్టి చెబుతాను.

ఇట్లు,
నీ మామయ్య