ఆకాశవాణి, దూరదర్శన్‌లో చేరితే సర్కారు మాటే చెప్పాలా?

హన్మకొండలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది. తనకు జర్నలిజం ఇష్టం. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసే నాన్న మాత్రం 'చేస్తే సర్కారు చానెల్‌లోనే చెయ్యి, నౌకరీ గట్టిగా ఉంటది' అంటున్నారట. అక్కడ చేరితే ప్రభుత్వం చెప్పిందే చెప్పాల్సి వస్తుందేమోనని తన భయం.

ముందు నాన్న మాట చూద్దాం బిడ్డా, ఇంట్లో టెన్షన్ అక్కడే కదా. దూరదర్శన్, ఆకాశవాణి అనగానే మన పెద్దవాళ్లకు పర్మనెంట్ ఉద్యోగం, పెన్షన్ గుర్తొస్తాయి. ఆ రోజులు చాలా వరకు పోయాయి. ఈ రెండూ 1997 నుంచి ప్రసార భారతి అనే స్వయంప్రతిపత్తి సంస్థ కింద ఉన్నాయి. 2007 అక్టోబర్ 5 నాటికి సర్వీసులో ఉన్న పాత ఉద్యోగులు కేంద్ర ప్రభుత్వం నుంచి డిప్యుటేషన్ మీద ఉన్నట్టు, అంటే సర్కారు ఉద్యోగులుగానే ఉంటూ ఇక్కడ పనిచేస్తున్నట్టు లెక్క, ఆ తర్వాత చేరినవాళ్లకు ఆ లెక్క వర్తించదు. ఇప్పుడొచ్చే నోటిఫికేషన్లు ఎక్కువగా కాంట్రాక్టువే. ఆకాశవాణి వరంగల్ కేంద్రంలో క్యాజువల్ అనౌన్సర్‌గా తీసుకున్నా అది డ్యూటీకి ఇంత అని ఇచ్చే పని, నెల జీతం కాదు. గొంతు బాగుంటే ఆడిషన్ తప్పకుండా ఇవ్వు, నేర్చుకునేది చాలా ఉంటుంది. కానీ దాన్నే నమ్ముకుని మిగతా దారులు మూసుకోకు.

ఇక నీ ప్రశ్న. చట్టాన్ని అడిగితే 'అక్కర్లేదు' అనే చెబుతుంది. ఎమర్జెన్సీలో రేడియోను, టీవీని సర్కారు తన గొంతుగా ఎలా వాడుకుందో చూశాక, వీటిని ప్రభుత్వం చేతిలోంచి తప్పించాలని 1978లో, ప్రభుత్వం వేసిన వర్గీస్ కమిటీ చెప్పింది. అది ప్రసార భారతి చట్టం అయ్యేసరికి 1990, అమల్లోకి వచ్చేసరికి 1997. ప్రజలకు నిజాన్ని నిష్పక్షపాతంగా తెలియజేయాలని ఆ చట్టంలోనే రాసి ఉంది. మరి డబ్బు ఎక్కడిది? జీతాల ఖర్చు కేంద్ర సమాచార, ప్రసార శాఖ ఇచ్చే గ్రాంటు నుంచి వస్తుంది. బోర్డులో ఆ శాఖ మనిషి ఉంటారు. న్యూస్‌రూముల్లో పై కుర్చీల్లో ఎక్కువగా ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ (కేంద్ర ప్రభుత్వ సమాచార సర్వీసు) అధికారులే కూర్చుంటారు, వాళ్ల బదిలీలు ఆ శాఖ చేతిలో ఉంటాయి, కాబట్టి నిన్నటిదాకా పీఐబీలో, అంటే కేంద్రం తరఫున పత్రికలకు సమాచారమిచ్చే ఆఫీసులో, ప్రభుత్వ ప్రకటనలు రాసిన అధికారే రేపు దూరదర్శన్‌లో వార్తలు చూడొచ్చు. అలాంటి చోట ఎవరూ ఫోన్ చేసి బెదిరించనక్కర్లేదు, ఏ వార్త ముందుండాలో ఏది చివరికి పోవాలో పనిచేసేవాళ్లకే అలవాటైపోతుంది. ఢిల్లీలో ఏ పార్టీ ఉన్నా ఇంతే. నన్నడిగితే నువ్వు భయపడాల్సింది ఆ అలవాటుకే.

రేడియోలో ఇది ఇంకా పెద్ద విషయం. మన దేశంలో ప్రైవేట్ ఎఫ్ఎంలు సొంత వార్తలు చదవకూడదు, ఆకాశవాణి బులెటిన్‌నే ఉన్నదున్నట్టు వేసుకోవాలి. అంటే నర్సంపేట దగ్గర పొలంలో రేడియో పెట్టుకున్న రైతుకు అందులో ఇంకొకరి వార్త వినే వీలే లేదు.

అలాగని అక్కడ జరిగేదంతా డబ్బా కొట్టడమే అనుకోకు. రేటింగుల గోల లేకుండా పంటల గురించి, ఒగ్గుకథ గురించి తీరిగ్గా మాట్లాడే చోటు ప్రైవేట్‌లో ఎక్కడుంది? ఎన్నికలప్పుడు గుర్తింపు ఉన్న పార్టీలకు, ప్రతిపక్షాలకు కూడా, ఎన్నికల సంఘం లెక్క ప్రకారం ఉచితంగా సమయం ఇచ్చేది ఈ రెండు సంస్థలే. ప్రైవేట్‌లో స్వేచ్ఛ ఉంటుందనీ గుడ్డిగా నమ్మకు. ప్రభుత్వ ప్రకటనల డబ్బు అక్కడికీ వెళ్తుంది, యజమాని రాజకీయం న్యూస్‌రూమ్ దాకా వస్తుంది.

నువ్వు తేల్చుకోవాల్సింది ఒకటే: వార్త తవ్వి తీయాలనుందా, ప్రభుత్వ సమాచారాన్ని జనానికి సరిగ్గా చేర్చాలనుందా? రెండూ మర్యాద గల పనులే, కానీ ఒకటి కాదు. రెండోది ఇష్టమైతే యూపీఎస్సీ సివిల్స్ రాసి ఇన్ఫర్మేషన్ సర్వీస్‌కు వెళ్లొచ్చు, లేదా రాష్ట్ర సమాచార పౌరసంబంధాల శాఖ ఉంది, జిల్లాల్లో డీపీఆర్ఓ (జిల్లా పౌరసంబంధాల అధికారి) ఆఫీసులు దానివే. అక్కడ ఏ ప్రభుత్వముంటే దాని మాట చెప్పాలి. 2023 డిసెంబర్‌లో సర్కారు మారినప్పుడు ఆ ఆఫీసులు కొత్త సర్కారు పథకాల గురించి రాయడం మొదలుపెట్టాయి, వాళ్ల ఉద్యోగమే అది. దాన్ని జర్నలిజం అనుకుని చేరితే మాత్రం ఏడాదిలోనే మనసు విరిగిపోతుంది.

ఇప్పుడే ఒక పని మొదలుపెట్టు. రోజూ ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు విను, అదే రోజు రెండు పేపర్లలో జిల్లా పేజీలు చదువు. ధాన్యం కొనుగోలు కేంద్రం మొదలైందన్న వార్త ఎక్కడ వచ్చింది, కాంటా పడక వడ్లు తడిశాయన్న వార్త ఎక్కడ వచ్చింది, నోట్‌బుక్‌లో రాసుకో. ఒక నెల రాస్తే నీకు ఏ వార్త రాయాలనిపిస్తోందో నీకే తెలుస్తుంది.

చదువుకు ఉస్మానియాలో జర్నలిజం విభాగం ఉంది, 1954 నుంచీ నడుస్తోంది. ఢిల్లీలో జర్నలిజం నేర్పే ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్)కి కూడా అప్లై చెయ్యి. ఏ దారిలో వెళ్లినా తెలుగు, ఇంగ్లీషు రెండింట్లో తప్పుల్లేకుండా రాయడం, ఫోన్‌తో వీడియో తీసి ఎడిట్ చేయడం వచ్చి ఉండాలి. ప్రసార భారతి ఖాళీలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే వస్తాయి. దూరదర్శన్‌లో ఉద్యోగం పెట్టిస్తానని ఎవరైనా డబ్బులడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు, ఈ మాట నాన్నకు కూడా చెప్పు.